అప్ప కొట్టేయించిన లైను

అప్ప పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది.

"మావయ్యా, మమ్మీ నిన్న సాయంత్రం పోయింది. హార్ట్ అన్నారు. ఎక్కువ బాధపడలేదు," అని, "మీకు నేనే చెప్పాలనుకున్నాను," అంది. ఆ పిల్ల తెలుగులో మాట మొదలుపెడితే సగంలోనే హిందీలోకి జారిపోతుంది. ఆ రోజు మాత్రం చివరిదాకా తెలుగులోనే మాట్లాడింది.

అప్ప అంటే మా వైపు అక్క, కానీ ఆమె నాకు చుట్టం కాదు. ఛత్తీస్‌గఢ్‌లో మా ఇనుప పోత కంపెనీలో కోర్ షాపు మనిషి. పోతపోసిన ఇనుప ముక్కలో బోలుగా ఉండాల్సిన చోట ముందే ఇసుక అచ్చు పెడతారు. ఆ అచ్చులు చేసేది కోర్ షాపు, అందులో పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్లు. ఆమె భర్త అదే కంపెనీలో పనిచేస్తూ పోతే ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు. నేను పర్సనల్ ఆఫీసులో క్లర్కుని. కార్మికుల గ్రూప్ ఇన్సూరెన్స్ కాగితాలన్నీ నా బల్ల మీదకే వస్తాయి. ఆమె నా దగ్గరకు రావడానికి ముందు పదకొండేళ్లుగా ఆ పనే చేస్తున్నాను. వచ్చిన క్లెయిము పంపడం, తిరిగొచ్చిన క్లెయిము ఫైల్లో పెట్టడం. పని నాకు బాగా వచ్చనే అనుకునేవాణ్ణి.

షాపుల నుంచి మా ఆఫీసుకు వచ్చేవాళ్లు సాధారణంగా తలుపు దగ్గరే నిలబడతారు. పిలిస్తే లోపలికొస్తారు, వచ్చినా నిలబడే మాట్లాడతారు. ఆమె మొదటిసారి వచ్చినప్పుడు నేను తలెత్తేసరికే కుర్చీ లాక్కుని కూర్చుంది. నీరుకావి చీర, చీర కింద కంపెనీ ఇచ్చిన బరువైన సేఫ్టీ బూట్లు, ఒళ్లో పెద్ద ఎక్స్‌రే కవరు. ఆ బూట్లతోనే ఆమె ఆస్పత్రికి వెళ్లేది, రేషను షాపుకు వెళ్లేది, ఒకసారి పెళ్లికి కూడా వెళ్లిందని విన్నాను. వాటిలో కాలు నొప్పెట్టదట.

నేను ఫోన్లో మా అమ్మతో తెలుగులో మాట్లాడుతుంటే అయ్యేదాకా ఆగి, "మీదే ఊరు బాబూ?" అని అడిగింది.

"మా నాన్నది బొబ్బిలి దగ్గర. నేను ఇక్కడే పుట్టాను."

"మాది రాజాం పక్క. అయితే నీకు నాను అప్పని," అని వరస తేల్చేసి, కవరులోంచి ఒక ఉత్తరం తీసి నా ముందు పెట్టింది. "ఇది సదివి సెప్పు. నీ ఆఫీసు తెలుగులో కాదు, మన తెలుగులో."

అది ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వచ్చిన తిరస్కరణ. కూతురికి ఉన్నది జన్యు సంబంధమైన వ్యాధి, అలాంటివి పాలసీ కిందికి రావు, కాబట్టి ఆస్పత్రి ఖర్చు ఇవ్వలేం అని.

"జన్యువంటే ఏటి?"

"పుట్టుకతో వచ్చింది అని అప్పా."

"పుట్టుకతో వస్తే ఇవ్వరు. పుట్టినాక వస్తే ఇస్తారు."

"అంతే."

"అంటే నా గుంట పుట్టడమే తప్పని."

"అలాగని కాదు…"

"అదే మాట రాసియ్యి. ఆళ్లు ఇంగిలీసులో రాసినారు కదా, నువ్వు తెలుగులో రాసియ్యి. నాను దాసుకుంటాను."

నేను రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. ఆమె ఉత్తరం మళ్లీ కవరులో పెట్టుకుని, "రేపొస్తాను," అని వెళ్లిపోయింది.

ఎవరేం చెప్పినా ఆమె అడిగేది ఆ ఒక్క మాటే, రాసియ్యి. డాక్టరు పర్వాలేదంటే రాసియ్యమనేది. ఫోర్‌మన్ సెలవిస్తానంటే రాసియ్యమనేది. హిందీవాళ్లను "లిఖ్ కే దో" అనేది. నోటి మాట మీద ఆమెకు కోపమేమీ లేదు, దాన్ని లెక్కలోకి తీసుకునేది కాదు, అంతే.

కూతురి జబ్బు పేరు గౌచర్. అలా రాసి గోషే అని పలకాలట. మా ఆఫీసులో ఎవరికి తోచినట్టు వాళ్లు పలికేవాళ్లు. ఒంట్లో తయారు కావాల్సిన ఒక ఎంజైము తయారు కాదు. దాంతో ఒక రకం కొవ్వు ప్లీహంలో, కాలేయంలో, ఎముకల్లో పేరుకుంటుంది. పిల్లకు నాలుగేళ్లప్పుడే పొట్ట ఉబ్బడం మొదలైంది. మలేరియా అన్నారు, కాదు. ఛత్తీస్‌గఢ్‌లో పాలిపోయిన పిల్ల కనిపిస్తే సికిల్ సెల్ పరీక్ష చేస్తారు, అదీ కాదు. ముక్కులోంచి రక్తం కారేది. కాళ్ల ఎముకలు నొప్పెట్టి స్కూలుకు వెళ్లలేకపోయేది. వెళ్లిన రోజు పొట్ట చూసి పిల్లలు నవ్వేవాళ్లు. "కడుపులో బల్ల పెరిగింది, దానికి మందుండదు," అని ఊళ్లో పెద్దవాళ్లు తేల్చేశారట. జబ్బు పేరు తెలిసేసరికి ఎనిమిదేళ్లు పట్టింది.

పేరు తెలిశాక మందు ధర తెలిసింది. అది అప్పకే కాదు, మా మేనేజరుకు కూడా అందే ధర కాదు. రాయ్‌పూర్‌లో ఒక డాక్టరమ్మ కష్టపడి, మందు తయారుచేసే వాళ్ల ఉచిత పథకంలో పిల్ల పేరు రాయించింది. కానీ మందు మాత్రమే ఉచితం. పదిహేను రోజులకోసారి ఆస్పత్రిలో చేర్చి చుక్కచుక్కగా ఎక్కించాలి, ఆరు నెలలకోసారి పరీక్షలన్నీ చేయించాలి. ఏదీ తప్పకూడదు. తప్పితే ఆ చోటు వరసలో ఉన్న ఇంకో పిల్లకు పోతుంది. ఆ ఆస్పత్రి ఖర్చే ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వలేమన్నది. మందు ఇచ్చేవాళ్లున్నారు, ఎక్కించే దారి లేదు. మొదటి ఏడాది ఎలా నెట్టుకొచ్చారని అడిగితే, "అయిపోనాది," అనేది తప్ప ఇంకేమీ చెప్పేది కాదు.

మందు మొదలైన దగ్గర నుంచి నెలకోసారి పిల్లను మా ఫ్యాక్టరీ డెస్పాచ్ షెడ్డుకు తెచ్చి, పోత ముక్కలు తూచే కాటా మీద నిలబెట్టేది. బజారు కాటాల మీద ఆమెకు నమ్మకం లేదు. కాటాబాబు నవ్వుతూ చీటీ కొట్టేవాడు. సరుకు అన్న గడిలో "బేటీ" అని రాసేవాడు. పద్నాలుగేళ్ల పిల్ల ఇరవై ఆరు కిలోలు. తర్వాత ఇరవై ఏడు. ఆ చీటీలన్నీ ఎక్స్‌రే కవరులోనే ఉండేవి. నాకు చూపించేటప్పుడు వరసగా పేర్చి, ఆఖరుదాని మీద వేలితో తట్టి నా మొహం చూసేది. నేను "పెరిగింది అప్పా," అనేదాకా వేలు తీసేది కాదు.

మళ్లీ అర్జీలు పెట్టాం. నేను రాయడం, ఆమె చదివించుకుని సంతకం పెట్టడం. ఇన్సూరెన్స్ వాళ్లు రెండుసార్లూ అదే జవాబిచ్చారు. ఇక కంపెనీనే అడగాలి. ఒకరోజు మా ఎం.డి. కోర్ షాపు చూడ్డానికి వెళ్లాడు. ఆయన మంచి మనిషే, కానీ చుట్టూ పదిమంది ఉంటారు. వాళ్లు పక్కకు జరిగే లోపే ఆమె ఇసుక చేతులు చీరకు తుడుచుకుంటూ ఎదురెళ్లి హిందీలో విషయమంతా చెప్పింది. ఆయన విని, "హో జాయేగా," అన్నాడు, అయిపోతుందని.

"లిఖ్ కే దీజియే సాబ్," అంది.

పక్కనున్నవాళ్లు బిత్తరపోయారు. ఆయన నవ్వాడు. వారంలోపే మంజూరు కాగితం తయారు చేయమని మా మేనేజరుకు ఆర్డరొచ్చింది.

మేనేజరు చెప్తుంటే నేనే టైపు చేశాను. పిల్ల ఆస్పత్రి ఖర్చు కంపెనీ సంక్షేమ నిధి నుంచి ఇస్తారు. చివర్లో ఆయన, "ఆ మామూలు లైను పెట్టు," అన్నాడు. ఆ లైను నాకు కంఠతా వచ్చు. దీనిని ప్రత్యేక కేసుగా మంజూరు చేయడమైనది, ఇకముందు ఏ ఇతర కేసుకూ దీనిని ఆధారంగా చూపరాదు. సెలవుల విషయంలో, క్వార్టర్ల విషయంలో అంతకుముందు అలాంటివి ఎన్ని టైపు చేశానో లెక్క లేదు. కింద ఉద్యోగి ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆమెను పిలిపించాను. సంతోషంగా చదివి వినిపించాను. చివరి లైను మాత్రం చదవలేదు. కావాలనే వదిలేశానా అంటే ఇప్పటికీ చెప్పలేను. అలాంటి లైన్లు ఎవరికీ చదివి వినిపించే అలవాటు మాకు లేదు.

ఆమె కాగితం తనవైపు తిప్పుకుంది. ఇంగ్లీషు చదవడం రాదు, అక్షరాలు గుర్తుపడుతుంది. వేలు పైనుంచి కిందికి జరిగి ఆఖరి లైను మీద ఆగింది.

"ఇది సదవలేదు నువ్వు."

చదివాను. అర్థం చెప్పాను.

"అంటే నా గుంటకి సరే. ఇంకో గుంటకి కాదు."

"అప్పా, అది అన్నిటికీ రాసేదే. ముందు నీ పని కానీ."

"ఫెట్లింగ్ షాపులో పోత ముక్కలు సాన పడతాడు కదా, ఆ దుర్గ్ కుర్రోడు. ఆడి కొడుక్కి రక్తం గడ్డకట్టదు. మోకాళ్లు ఇంతింత వాసిపోతాయి. రాయ్‌పూర్‌లో మా గుంట, ఆడి గుంటడు ఒకే బెంచీ మీద కూకుంటారు. ఆడి కాయితం కూడా నీ దగ్గరే ఉంది, ఉన్నాదా లేదా?"

ఉంది. పుట్టుకతో వచ్చింది అన్న మాటతోనే అదీ తిరిగొచ్చింది. నా సొరుగులోనే ఉంది.

"నాను ఈ కాయితం మీద సంతకం ఎడితే, ఆడి తలుపు నాను మూసినట్టు. నానెట్టను."

నాకు కోపం వచ్చింది. ఇన్ని నెలలు తిరిగి, ఎం.డి. చేత ఒప్పించుకుని, తీరా చేతికొచ్చాక ఇదేం పంతం అనిపించింది. "రేపు పిల్లకేమైనా అయితే?" అని గట్టిగానే అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. వేళ్ల మీద లెక్కపెట్టింది. "మళ్లీ ఎక్కించడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. తొమ్మిది రోజుల్లో ఒక లైను కొట్టీలేరేటి?" అని కాగితం నా వైపు తోసి, పనిలోకి వెళ్లిపోయింది.

మేనేజరు విని మండిపడ్డాడు. "ఇచ్చింది తీసుకోకుండా షరతులా? ఆవిడకు పొగరు," అన్నాడు. ఆడిటర్లు ఒప్పుకోరన్నాడు. ఒకరికి ఇచ్చింది అందరికీ ఇవ్వాల్సొస్తే ఎవరు జవాబు చెప్తారన్నాడు. నాకు ఆయన మాటల్లో తప్పు కనిపించలేదు. ఆ ఆదివారం, తల్లికి కాకపోతే పిల్లకైనా నచ్చజెబుదామని సుపేలా అవతల వాళ్లింటికి వెళ్లాను.

అప్ప నీళ్లు పట్టడానికి వెళ్లింది. పిల్ల మంచం మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. అప్పటికి పదహారేళ్లు, చూడ్డానికి పన్నెండేళ్ల పిల్లలా ఉంది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. మీ అమ్మ సంతకం పెడితే చాలు, నీ ట్రీట్‌మెంటుకు ఇక ఢోకా ఉండదు, నువ్వు చెప్తే వింటుంది అన్నాను. పిల్ల పుస్తకం మూసింది.

"మావయ్యా, ఆ బెంచీ మీద నేనూ వాడూ కలిసి లూడో ఆడతాం. వాడికి మోకాలు నొప్పి ఉన్న రోజు నేనే పావులు జరుపుతాను. నా పేరు మీద అలాంటి లైనుంటే వాడి మొహం ఎలా చూడాలి?" అని, తర్వాత నెమ్మదిగా, "మమ్మీ సహీ బోల్ రహీ హై," అంది, అమ్మ చెప్పేదే సరి అని.

"నీకు భయంగా లేదా?"

"ఉంది," అంది.

అప్ప బిందెతో వచ్చి నన్ను చూసింది, ఎందుకొచ్చానో అర్థం చేసుకుంది, టీ పెట్టింది.

ఆ తర్వాత రోజూ భోజనాల వేళకు మా ఆఫీసుకు వచ్చేది. కూర్చుని తన డబ్బా విప్పి, అన్నం తిని, మూత పెట్టుకుని వెళ్లిపోయేది. అయ్యిందా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఎదురుగా ఆమె అన్నం తింటుంటే నా కేరియరు విప్పడానికి నాకు మొహం చెల్లేది కాదు. మూడు రోజులు అలా గడిచాక, ఎన్నడూ చేయని పని ఒకటి చేశాను. పాలసీ పుస్తకం తీసి మొదటి నుంచి చివరిదాకా చదివాను. తర్వాత మా పాలసీ చూసే ఏజెంటుకు ఫోన్ చేసి, వచ్చే నెల రెన్యూవల్ కదా, జన్యు వ్యాధులు రావన్న షరతు తీసేయడానికి ఏదైనా మార్గముందా అని అడిగాను.

"కంపెనీ రాతపూర్వకంగా అడిగితే తీసేస్తారండీ. ప్రీమియం కొంచెం పెరుగుతుంది," అన్నాడు మామూలుగా. "ఇంతవరకూ మీ వైపు నుంచి ఎవరూ అడగలేదు."

ఫోన్ పెట్టేశాను. అడగాల్సిన మనిషిని నేనే. పదకొండేళ్లూ ఆ పుస్తకం నా వెనక బీరువాలోనే ఉంది.

మర్నాడు మేనేజరును దాటి నేరుగా ఎం.డి. గదికి వెళ్లాను. అంతకుముందు ఆ గదిలోకి పిలవకుండా వెళ్లింది లేదు. అప్ప కూతురి తిరస్కరణ, ఫెట్లింగ్ షాపు కుర్రాడి కొడుకు తిరస్కరణ పక్కపక్కన పెట్టాను. రెండిట్లోనూ అదే మాట. ఏజెంటు చెప్పింది చెప్పాను. రెన్యూవల్‌లో ఆ షరతు తీయించేద్దాం, అది అయ్యేదాకా ఈ ఒక్క నెలకు ఇద్దరికీ కంపెనీ ఇద్దాం అన్నాను. ఆయన మంచినీళ్ల గ్లాసు నావైపు జరిపాడు.

"ఆవిడ ఇంకా సంతకం పెట్టలేదా?" అని అడిగాడు.

"లేదు సార్. చివరి లైను ఉన్నంతవరకు పెట్టనంది."

"ఆవిడ కూతురికి మళ్లీ ఎప్పుడు?"

"ఇంకా మూడు రోజులుంది సార్."

ఆయన మంజూరు కాగితం అడిగి తీసుకున్నాడు. చివరి లైను రెండుసార్లు చదివాడు. జేబులోంచి పెన్ను తీసి, ఆ లైనును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేశాడు. "ఆ రెండోదీ తయారు చెయ్యి. రెన్యూవల్ ఉత్తరం నేనే పంపిస్తాను," అన్నాడు.

నేను కాగితం పట్టుకుని కోర్ షాపుకు నడిచాను. ఆమె ఇసుక పెట్టెలో కూరుతోంది. చేయి తుడుచుకుని, కొట్టేసిన గీత మీద వేలు ఆనించి, పొట్టి సంతకం ఎవరిదో అడిగి తెలుసుకుని, ఇసుక బెంచీ మీదే కాగితం పెట్టి సంతకం చేసింది. తెలుగులో, పూర్తి పేరు. నాకు థాంక్స్ చెప్పలేదు. "తిన్నావా?" అని అడిగింది. మూడు రోజుల తర్వాత పొద్దున్న లోకల్ రైల్లో తల్లీకూతుళ్లు రాయ్‌పూర్ వెళ్లారు. మందు ఎక్కింది.

నెల తిరిగేసరికి కొత్త పాలసీ వచ్చింది. పాత షరతున్న చోట ఇప్పుడేమీ లేదు. అప్పను పిలిచి చూపించాను.

"ఎక్కడుంది?"

"లేదు అప్పా. తీసేశారు కదా."

"లేనిది నలుగురికి ఎలా తెలుస్తాది?"

అది నిజమే. ఒక మాట తీసేస్తే, తీసేశారని ఎవరికి తెలుస్తుంది? ఆమె ఎదురుగా కూర్చుని ఉండగానే ఒక నోటీసు రాశాను. పైన హిందీ, కింద తెలుగు. మీ ఇంట్లో ఎవరికైనా పుట్టుకతో వచ్చిన జబ్బు ఉంటే, అది ఎంత అరుదైనదైనా, దాని వైద్యానికి కూడా ఇన్సూరెన్స్ వర్తిస్తుంది. కాగితాలు తీసుకుని పర్సనల్ ఆఫీసుకు రండి. ఆమె రెండు మాటలు మార్పించింది. వర్తిస్తుంది అంటే ఎవరికీ తెలీదు, ఇస్తారు అని రాయమంది. అర్హులు అని పెట్టబోతే వద్దంది. క్యాంటీన్ బయట బోర్డు మీద అంటించాం. సర్వీసులో నేను టైపు చేసిన కాగితాలు బస్తాలకెత్తొచ్చు. చూసుకుని గర్వపడింది చేత్తో రాసిన ఆ ఒక్క నోటీసే.

మొదటి రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు ఫెట్లింగ్ షాపు కుర్రాడు వచ్చి, పాత కాగితాలు మళ్లీ పెట్టాలా అని అడిగి వెళ్లాడు. నాలుగో రోజు భోజనాల వేళ తలుపు దగ్గర ఒకామె నిలబడి ఉంది. కోర్ షాపులో అప్ప పక్క బెంచీ మీద పనిచేసే మనిషి. జాముల్ నుంచి సైకిలు మీద వస్తుంది, మాట తక్కువ. లోపలికి పిలిస్తే వచ్చింది. కొంగులోంచి ప్లాస్టిక్ సంచి తీసి నా ముందు పెట్టింది. అన్నీ ఆస్పత్రి చీటీలు. కొడుకుకు ఏడేళ్లు, కండరాల జబ్బు, పుట్టుకతో వచ్చింది. నడక పడిపోతోంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఉద్యోగం పోతుందేమోనని భయం, ఇంట్లో ఆడపిల్లలకు సంబంధాలు రావేమోనని ఇంకో భయం.

నేను ఆ చీటీలు చదువుతుండగా అప్ప డబ్బాతో లోపలికొచ్చింది. ఆమెను చూసి ఆగిపోయింది.

"నువ్వేటి ఇక్కడ?" అని తెలుగులోనే అడిగేసి, మళ్లీ హిందీలో అడిగింది.

ఆమె తలొంచుకుంది. "మా వాడికి కూడా ఉంది దీదీ," అని హిందీలో చెప్పింది. "పుట్టినప్పటి నుంచి. బోర్డు చూశాను."

వాళ్లిద్దరూ ఆరేళ్లుగా పక్కపక్క బెంచీల మీద పనిచేస్తున్నారు. ఒకే పెట్టెలోని ఇసుక పంచుకుంటారు. అప్ప సెలవు పెట్టిన ప్రతిసారీ ఆమె వాటా పని కూడా ఈమే చేసేది. ఏ రోజూ నోరు విప్పలేదు.

అప్ప ఇంకో కుర్చీ లాగి ఆమె పక్కన కూర్చుంది. ఆ చీటీలు ఒక్కొక్కటే తీసి చూసింది, చదవలేకపోయినా. అన్నీ చూశాక తన డబ్బా మూత విప్పి, అన్నం సగం మూతలో పెట్టి ఆమె ముందుకు జరిపింది. అప్పుడు నావైపు తిరిగింది. అన్నాళ్లలో ఆ మొహంలో అలాంటి వెలుగు నేను చూడలేదు.

"దీనికీ ఒక గుంటడున్నాడని నాకు తెలీదు బాబూ," అంది. "తెలీకుండానే ఆ లైను కొట్టించాను సూడు."